ఆషాఢంలో ఫ్లాట్ నిజంగా చవకా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

నిజాంపేట్_స్వాతి
2025 జూన్ 14, ఉదయం 10:12

అందరికీ నమస్తే. నిజాంపేట్‌లో ఒక రీసేల్ ఫ్లాట్ చూశాం. 1,450 ఎస్‌ఎఫ్‌టీ, అయిదంతస్తుల స్టాండలోన్ బిల్డింగ్‌లో మూడో అంతస్తు, తూర్పు గుమ్మం, కట్టి తొమ్మిదేళ్లు. ఓనర్ 92 లక్షలు అంటున్నారు. మేం 85 దగ్గర ఆగాం.

మా అత్తగారేమో "ఇంకో పది రోజుల్లో ఆషాఢం, వాళ్లే దిగొస్తారు, తొందరపడకండి" అంటున్నారు. మా ఆయన మాటేమో ఆషాఢంలో తగ్గేదేం ఉండదు, శ్రావణం రాగానే ఇంకా పెంచుతారు, ఇప్పుడే అడ్వాన్స్ ఇచ్చేద్దాం అని. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను.

అసలు ఇళ్ల రేట్లకు సీజన్ అనేది ఉందా? ఉంటే ఎంత తేడా? "మా బాబాయి ఫ్రెండ్‌కి బాగా తగ్గింది" టైపు కాకుండా కాస్త ఆధారంతో చెప్పండి ప్లీజ్.

పాత_బ్రోకర్
జూన్ 14, ఉదయం 10:47

స్వాతి గారూ, మీ ఏరియాలోనే, అంటే ప్రగతినగర్, బాచుపల్లి, నిజాంపేట్ వైపు చాలా ఏళ్లు మీడియేటర్‌గా చేశాను. ఇప్పుడు మానేశాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు.

రేటు వేరు, బేరం వేరు. ఆషాఢంలో రేటు తగ్గదు. జ్యేష్ఠంలో 92 చెప్పినాయన ఆషాఢంలోనూ 92 అనే చెప్తాడు. పక్క ఫ్లాట్‌వాళ్లు వింటారు కదా, తగ్గించి చెప్తే పరువు సమస్య. మారేది ఏంటంటే, మీరు 85 అన్నాక ఆయన ఏం చేస్తాడన్నది. మామూలు రోజుల్లో "చూద్దాం లెండి" అని ఫోన్ పెట్టేస్తాడు. ఆషాఢం రెండో వారం దాటి, ఫ్లాట్ చూడటానికి ఒక్కరూ రాకపోతే, ఆయనే మీడియేటర్‌కి ఫోన్ చేసి "ఆ నిజాంపేట్ మేడమ్ ఏమన్నారు?" అని అడుగుతాడు. ఆ ఫోన్ వచ్చిందంటే రెండు మూడు లక్షలు దిగినట్టే. లేదా డబ్బు దిగకుండా ఏసీలు, కబోర్డులు, ఇన్వర్టర్ వదిలేస్తాడు.

అయితే ఆ ఫోన్ అందరు ఓనర్లూ చేయరు. అవసరం ఉన్నవాళ్లే చేస్తారు. కూతురి పెళ్లి, వేరే చోట విల్లాకు కట్టాల్సిన ఇన్‌స్టాల్‌మెంట్, అన్నదమ్ముల పంపకం, ఇలాంటివి. మీ ఓనర్ ఎందుకు అమ్ముతున్నాడో ముందు కనుక్కోండి. అది తెలియకుండా ఏ నెల అయినా ఒకటే.

మియాపూర్_మహేష్
జూన్ 14, ఉదయం 11:05

2025లో కూడా పంచాంగం చూసి కోటి రూపాయల నిర్ణయాలు తీసుకుంటున్నారా? మంచి ఫ్లాట్ దొరికితే కొనండి అంతే. ఈ మూఢనమ్మకాల వల్లే మనం ఇలా ఉన్నాం.

పాత_బ్రోకర్
జూన్ 14, ఉదయం 11:20

మహేష్ గారూ, మీకు నమ్మకం లేకపోతే మరీ మంచిది. నమ్మేవాళ్లంతా ఇంట్లో కూర్చున్నప్పుడు మీరొక్కరే బేరానికి వెళ్తారు. నమ్మకం నిజమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, మార్కెట్‌లో ఎంతమంది నమ్ముతున్నారన్నదే ప్రశ్న.

మోడరేటర్
జూన్ 14, ఉదయం 11:31

నమ్మకాల మీద చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ ధరల గురించే రాయండి.

లెక్కల_మాస్టారు
జూన్ 14, మధ్యాహ్నం 1:40

"ఆధారంతో చెప్పండి" అన్నారు కాబట్టి రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

"ధర" అన్న ఒక్క మాటతో మనం మూడు వేర్వేరు అంకెల్ని కలిపేస్తుంటాం. అమ్మేవాడు చెప్పే రేటు, నిజంగా చేతులు మారిన సొమ్ము, డాక్యుమెంట్‌లో రాసిన విలువ. ప్రభుత్వ లెక్కల్లోకి వచ్చేది మూడోది. అది చాలాసార్లు ప్రభుత్వం పెట్టిన మార్కెట్ విలువకు దగ్గరగా ఉంటుంది కానీ ఇచ్చిన సొమ్ముకు దగ్గరగా ఉండదు. మార్కెట్ విలువ నెలనెలా మారేది కాదు. తెలంగాణలో 2013 తర్వాత 2021 జులైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మరోసారి పెంచారు, అంతే. కాబట్టి ఆషాఢంలో ఒకాయన మూడు లక్షలు తగ్గించి అమ్మినా, ఆ మూడు లక్షల జాడ రికార్డుల్లో కనిపించకపోవచ్చు.

సరే, సూచీలు చూద్దామంటే రిజర్వ్ బ్యాంక్ ఇళ్ల ధరల సూచీ 2025 జూన్ నాటికి 10 నగరాలది, అందులో హైదరాబాద్ లేదు. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ రెసిడెక్స్‌లో హైదరాబాద్ ఉంది కానీ అది మూడు నెలలకోసారి వచ్చే అంకె. ఈసారి ఆషాఢం జూన్ 26 నుంచి జులై 24 వరకు, శ్రావణం జులై 25 నుంచి ఆగస్టు 23 వరకు. రెండూ దాదాపుగా జులై-సెప్టెంబర్ త్రైమాసికంలోనే పడుతున్నాయి. డల్‌గా ఉండే నెల, జోరుగా ఉండే నెల కలిసిపోయి సగటు వస్తుంది. దాన్ని చూసి "సీజన్ ప్రభావం ఏమీ లేదు" అనడం తప్పు, "ఉంది" అని నిరూపించడమూ కుదరదు.

కనిపించేదల్లా రిజిస్ట్రేషన్ల సంఖ్య. సీజన్ అక్కడ దాగదు.

డాలస్_పిల్లోడు
జూన్ 14, రాత్రి 8:15

మాస్టారూ, ఇక్కడ అమెరికాలో అయితే సీజన్ చాలా స్పష్టంగా కనిపిస్తుంది. రియల్టర్ల జాతీయ సంఘం నెలనెలా పాత ఇళ్ల మధ్యస్థ ధర (అమ్ముడైన ఇళ్లను ధర వరసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేది) ఇస్తుంది. 2024 జనవరిలో 3,79,100 డాలర్లు. అదే ఏడాది జూన్‌లో 4,26,900. మళ్లీ 2025 జనవరికి 3,96,900. అంటే జూన్ నుంచి జనవరికి ఏడు శాతం పడింది. ఇక్కడ ఫ్రిస్కోలో మన తెలుగువాళ్లు ఎక్కువే. స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకుని, పిల్లల స్కూళ్లు ఆగస్టులో తెరిచేలోపు కొత్త ఇంట్లో దిగాలని మే, జూన్‌లోనే అందరూ ఎగబడతారు. డిసెంబర్‌లో కొన్నవాడు తెలివైనవాడు అని మా ఫ్రెండ్స్‌లో అందరూ అంటారు.

లెక్కల_మాస్టారు
జూన్ 14, రాత్రి 9:02

మంచి అంకెలు ఇచ్చారు. కానీ ఆ ఏడు శాతాన్ని డిస్కౌంట్ అనుకోకండి. జూన్‌లో అమ్ముడయ్యే ఇళ్లు, జనవరిలో అమ్ముడయ్యే ఇళ్లు ఒకటి కావు. వేసవిలో పిల్లలున్న కుటుంబాలు కొంటాయి, నాలుగు బెడ్‌రూముల పెద్ద ఇళ్లు ఎక్కువగా చేతులు మారతాయి. చలికాలంలో వాటి వాటా తగ్గుతుంది. మధ్యస్థ ధర దానంతట అదే కిందికి వస్తుంది, ఏ ఒక్క ఇంటి ధరా తగ్గకపోయినా సరే. ఈ చిక్కు తప్పించడానికే కేస్-షిల్లర్ సూచీలో అదే ఇల్లు మళ్లీ అమ్ముడైనప్పుడు ఎంత పలికిందో చూస్తారు. అందులోనూ సీజన్ కనిపిస్తుంది కానీ ఊపు అంత ఉండదు.

మీ అంకెల్లోనే ఇంకో సంగతి ఉంది చూడండి. 2024 జనవరితో పోలిస్తే 2025 జనవరి దాదాపు అయిదు శాతం ఎక్కువ. "జూన్ నుంచి పడిపోయింది" అని ఒకడు, "ఏడాదిలో పెరిగింది" అని ఇంకొకడు ఒకే అంకెతో వాదించుకోవచ్చు. సీజన్ ఉన్న చోట ఈ నెలను గత నెలతో పోల్చకూడదు, నిరుటి ఇదే నెలతో పోల్చాలి.

డాలస్_పిల్లోడు
జూన్ 14, రాత్రి 9:30

అయితే మరి నిజమైన తేడా అసలు లేదంటారా? ఇళ్లు ఎక్కువగా అమ్మకానికి వచ్చే వేసవిలో రేటు తగ్గాలి కదా, కూరగాయల్లాగా. ఇక్కడ సరుకూ ఎక్కువే, రేటూ ఎక్కువే. ఇది నాకెప్పుడూ అర్థం కాదు.

లెక్కల_మాస్టారు
జూన్ 14, రాత్రి 10:11

అసలు ప్రశ్న ఇదే. ఎన్‌గాయ్, టెన్రేరో అని ఇద్దరు ఆర్థికవేత్తలు బ్రిటన్, అమెరికా లెక్కలతో దీని మీద పనిచేశారు, 2014లో వచ్చింది. వాళ్లు చెప్పింది నా మాటల్లో: టమాటా ఏదైనా టమాటానే, ఇల్లు అలా కాదు. స్వాతి గారికి తూర్పు గుమ్మం కావాలి, మూడో అంతస్తు కావాలి, మెట్రో దగ్గరగా ఉండాలి, 90 లోపు కావాలి. మార్కెట్‌లో ఇళ్లు నాలుగే ఉంటే వాటిలో ఒకదానితో సర్దుకుంటారు, అందుకే గట్టిగా బేరమాడతారు. నలభై ఉంటే తనకు సరిగ్గా సరిపోయేది దొరుకుతుంది, దానికి రెండు లక్షలు ఎక్కువైనా ఇస్తారు. ఇది తెలిసి అమ్మేవాళ్లూ ఆ సీజన్‌లోనే వస్తారు. కొద్దిపాటి కారణం చాలు, స్కూల్ సెలవులో ఇంకోటో, అందరూ ఒకేసారి పోగవుతారు, రేటూ సంఖ్యా కలిసి పెరుగుతాయి.

మనకు ఆ కొద్దిపాటి కారణం పంచాంగం.

పాత_బ్రోకర్
జూన్ 15, ఉదయం 7:40

మాస్టారు పుస్తకంలో చెప్పింది నేను వీధిలో చూశాను. ఆషాఢంలో నా దగ్గర చూపించడానికి ఫ్లాట్లే ఉండేవి కావు. ఉన్నవాటిలో ఒకటి పడమర గుమ్మం, ఇంకోటి లిఫ్ట్ పక్కన చీకటి ఫ్లాట్, మూడోది ఈసీలో (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) ఏదో పాత తనఖా ఉన్నది. మంచి ఫ్లాట్ ఓనర్ "శ్రావణంలో పెడతాను లెండి" అని తాళం చెవి కూడా ఇచ్చేవాడు కాదు. ఆషాఢంలో చవగ్గా దొరికింది అని సంబరపడేవాళ్లలో సగం మంది కొన్నది మిగిలిపోయిన సరుకే.

సాగరతీరం
జూన్ 15, ఉదయం 9:18

వైజాగ్ నుంచి. ఆషాఢం మీద ఇంత చర్చ చేస్తున్నారు కానీ, మా దగ్గర ఈ ఏడాది అసలు రష్ చూసింది జనవరి చివర్లో. ఫిబ్రవరి 1 నుంచి ఏపీలో మార్కెట్ విలువలు పెంచుతున్నారని తెలియగానే జనవరి 30, 31 తేదీల్లో సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర జాతరే. సర్వర్ స్లో, జనం మెట్ల మీద కూర్చుని టిఫిన్లు తినడం. అప్పుడు ఎవరూ దుర్ముహూర్తం చూసుకున్నట్టు లేదు. స్టాంప్ డ్యూటీ మిగిలితే ఏ ఘడియైనా శుభఘడియే.

లెక్కల_మాస్టారు
జూన్ 15, ఉదయం 9:50

సాగరతీరం గారూ, మీ ఉదాహరణలో తమాషా ఉంది. జనవరి 29 అమావాస్యతో పుష్యం అయిపోయింది. 30 నుంచి మాఘం. అంటే ఆ రద్దీ రోజులు మాఘంలో మొదటి రెండు రోజులు. శూన్యమాసం పోయినందుకు వచ్చారా, విలువలు పెరుగుతాయని వచ్చారా? ప్రధాన కారణం విలువలే, నాకూ సందేహం లేదు. కానీ రెండూ ఒకే వైపు తోశాయి. ఎంత వాటా దేనిదో ఆ అంకె చూసి విడదీయడం కష్టం.

హైదరాబాద్‌లో దీనికి పూర్తిగా ఎదురు. నిరుడు 2024లో మే, జూన్‌లలో మూఢం. ఆ వెంటనే జులై 6 నుంచి ఆగస్టు 4 వరకు ఆషాఢం. శ్రావణంలో మార్కెట్ పుంజుకుంటుందని అందరూ కాచుకుని ఉంటే, సరిగ్గా అప్పుడే హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) కూల్చివేతలు మొదలయ్యాయి. చెరువు దగ్గర ఫ్లాట్ అంటే జనం భయపడ్డారు. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టకూడని జాగా) అన్న మాటలు అప్పటిదాకా వినని వాళ్లు కూడా మ్యాపులు పట్టుకుని తిరిగారు. శ్రావణం ఊపు ఎంత రావాల్సింది, ఎంత వచ్చింది అన్నది ఆ ఏడాది లెక్కతో ఎవరూ చెప్పలేరు.

మద్రాస్_తెలుగు
జూన్ 15, మధ్యాహ్నం 12:25

చెన్నైలో ఉంటాను. ఇక్కడ ఆడి మాసం కూడా ఇంతే, కొత్త ఇంట్లోకి ఎవరూ పోరు. కానీ తమిళులది సౌరమానం కాబట్టి ఆడి ఏటా జులై మధ్యలో మొదలై ఆగస్టు మధ్యలో పోతుంది. ఈసారి జులై 17 నుంచి. అందుకే ఇక్కడి మా తెలుగు కుటుంబాలకు రెండు వైపులా దెబ్బ. జూన్ 26 నుంచి మన ఆషాఢం, అది అయ్యీ అవకముందే ఓనర్‌గారి ఆడి. రెండూ కలిపి ఏడు వారాలు ఎవరో ఒకరు వద్దంటారు.

మళ్లీ ఆడి పెరుక్కు అని ఆడి పద్దెనిమిదో రోజు ఉంది, అది మాత్రం మంచి రోజు. ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ప్రభుత్వమే అదనంగా టోకెన్లు ఇస్తుంటుంది.

లెక్కల_మాస్టారు
జూన్ 15, మధ్యాహ్నం 1:10

చాలా పనికొచ్చే విషయం చెప్పారు. సౌరమానంలో నెల కదలదు కాబట్టి చెన్నై లెక్కల్లో "జులై-ఆగస్టు డల్" అని సులువుగా తీసేయొచ్చు. మనది చాంద్రమానం. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగి, అధిక మాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా వెనక్కి పోతుంది.

2023లో ఆషాఢం జులై 17తో అయిపోయింది, కానీ వెంటనే అధిక శ్రావణం, ఆగస్టు 16 దాకా. అసలు శ్రావణం 17 నుంచి. 2024లో ఆగస్టు 5 నుంచే శ్రావణం. కాబట్టి "నిరుటి ఆగస్టు కంటే ఈ ఆగస్టులో రిజిస్ట్రేషన్లు పెరిగాయి" అన్న వార్త వస్తే, మార్కెట్ పెరిగిందనుకోవాలా, మంచి రోజులు పన్నెండు ఎక్కువ వచ్చాయనుకోవాలా?

వచ్చే ఏడాది ఇంకా చిత్రం. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఆషాఢం జులై 15కి జరిగిపోతుంది. ఈ ఏడాది జులైలో 24 రోజులు ఆషాఢమైతే వచ్చే జులైలో 17 రోజులే, కానీ ఆగస్టులో 12 రోజులు దాకా లాగుతుంది. నిరుటి నెలతో పోల్చమని డాలస్ గారికి పైన నేనే చెప్పాను. అది అక్కడ పనిచేస్తుంది. ఇక్కడ తిథులు పక్కన పెట్టుకుని పోల్చాలి. ఈస్టర్, చైనా కొత్త సంవత్సరం లాంటి కదిలే పండగలకు గణాంకవేత్తలు ఈ పని చేస్తారు. మన రియల్ ఎస్టేట్ నివేదికల్లో మాత్రం నెలకు నెల పోల్చేసి శీర్షిక పెట్టేస్తారు.

టోలీచౌకి_భాయ్
జూన్ 15, సాయంత్రం 6:33

మాకు ఆషాఢం పట్టింపు లేదన్నా. అందుకే మావాళ్లు కొందరు ఆ నెలలోనే బేరాలు చూసుకుంటారు. ఈసారి కొంచెం తేడా, నెలవంకను బట్టి జూన్ 27 ప్రాంతంలో మొహర్రం మొదలవుతుంది. మొహర్రంలో కొత్త పనులు వద్దనే పెద్దవాళ్లు మా ఇళ్లల్లోనూ ఉన్నారు. ఈ ఏడాది రెండూ కలిశాయి కాబట్టి బేరం ఇంకా బాగా కుదరొచ్చు అని నా లెక్క.

ఒక్క మాట స్వాతి మేడమ్‌కి. ఏ నెలలో కొన్నా సరే, గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్లి ఆ ఫ్లాట్ చూడండి. 2020 అక్టోబర్‌లో మా నదీం కాలనీలో ఇళ్లల్లోకి నీళ్లొచ్చి రోజుల తరబడి నిలిచాయి. ఎండాకాలంలో చూసి కొన్నవాళ్లకు అది ఎలా తెలుస్తుంది?

పాత_బ్రోకర్
జూన్ 15, సాయంత్రం 7:05

భాయ్ చెప్పింది బంగారం. ఆషాఢంలో నిజమైన లాభం రేటు కాదు, వాన. సెల్లార్‌లో నీళ్లు ఏ మూల నిలుస్తున్నాయి, మోటార్ పెట్టి తోడుతున్నారా, పిట్టగోడ పక్కన గోడ ఉబ్బిందా, బాత్రూమ్ వెనక గోడకు పెయింట్ పొరలు లేస్తున్నాయా, అన్నీ ఆ నెలే చెప్తుంది. నీళ్ల సంగతి తెలియాలంటే మాత్రం మే నెల. ట్యాంకర్లు రోజుకు ఎన్ని వస్తున్నాయో వాచ్‌మన్‌ని అడిగితే చెప్పేస్తాడు. సెక్రెటరీని అడిగితే చెప్పడు.

బ్యాంకులో_పని
జూన్ 15, రాత్రి 9:44

హోమ్ లోన్ డెస్క్‌లో ఉంటాను. నా వైపు నుంచి రెండు ముక్కలు.

జూన్ 6న రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు (బ్యాంకులకు తను అప్పిచ్చే వడ్డీ) అర శాతం తగ్గించి 5.50 చేసింది. ఫిబ్రవరి నుంచి కలిపితే మొత్తం ఒక శాతం. 60 లక్షల లోన్ 20 ఏళ్లకు తీసుకున్నారనుకోండి. 8.5 శాతం మీద ఈఎంఐ దాదాపు 52,070. 7.5 మీద 48,340. నెలకు 3,700కి పైగా తేడా. రేటు ఇలాగే ఉంటే, మొత్తం కాలానికి తొమ్మిది లక్షల దాకా. ఆషాఢం బేరంలో వచ్చే రెండు మూడు లక్షల కోసం ఇంట్లో గొడవలు పడుతున్నారు కానీ, బ్యాంక్ తగ్గిన రేటును మీకు ఎప్పటి నుంచి వర్తింపజేస్తుందో, స్ప్రెడ్ (రెపో మీద బ్యాంక్ కలుపుకునే శాతం) ఎంతో అడిగేవాళ్లు తక్కువ.

రెండోది, మా బ్యాంకులకు కూడా సీజన్లు ఉన్నాయి. దసరా-దీపావళికి ప్రాసెసింగ్ ఫీజు మినహాయింపు ఆఫర్లు వస్తాయి. మార్చిలో టార్గెట్ల టెన్షన్. మార్చి చివర్లో ఫైలు వేగంగా కదులుతుంది, ఏప్రిల్ మొదటి వారంలో అదే ఫైలు నిద్రపోతుంది. బిల్డర్లదీ అదే తంతు, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు బుకింగ్‌లు చూపించాలని ఫ్లోర్ రైజ్ చార్జీలు (పై అంతస్తులకు వేసే అదనపు రేటు) తీసేస్తాం, కార్ పార్కింగ్ ఫ్రీ అంటారు. ఎస్‌ఎఫ్‌టీ రేటు మాత్రం కాగితం మీద ఒక్క రూపాయి తగ్గించరు. తగ్గిస్తే ముందు కొన్నవాళ్లంతా ఆఫీసు ముందు నిలబడతారు.

నిజాంపేట్_స్వాతి
జూన్ 15, రాత్రి 10:20

అందరికీ చాలా థాంక్స్. అయితే శ్రావణంలో రేట్లు పెంచుతారన్న మా ఆయన మాట సంగతేంటి?

పాత_బ్రోకర్
జూన్ 16, ఉదయం 7:15

పెంచరమ్మా, బేరం ఆపేస్తారు. శ్రావణ శుక్రవారం రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి చూడండి. పట్టుచీరలు, పూలు, స్వీట్ బాక్సులు, సాక్షి సంతకానికి వచ్చిన తోడల్లుడు, ఫొటో దిగడానికి క్యూ. అలాంటి రోజుల్లో ఇద్దరు కొనేవాళ్లు ఒకే ఫ్లాట్ అడుగుతుంటే 92 అన్నవాడు 91 దగ్గర ఎందుకు ఆగడు? దసరా దాకా అదే ఊపు. మధ్యలో మహాలయ పక్షం పదిహేను రోజులు మళ్లీ డల్. కార్తీకంలో గృహప్రవేశాలు. డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం రాగానే లోకల్ పార్టీలు తగ్గుతారు, అదే సమయానికి ఎన్నారైలు సెలవులకు దిగుతారు. వాళ్లకు మూడు వారాలే టైమ్, బేరం తక్కువ. కాబట్టి పెద్ద గేటెడ్ కమ్యూనిటీలకు డిసెంబర్ సీజనే, మీలాంటి స్టాండలోన్ ఫ్లాట్‌కు కాదు. సంక్రాంతికి ఊరు ఖాళీ, మాఘంలో మళ్లీ మొదలు.

చాలామంది చేసే పని చెప్తాను. ఆషాఢంలో బేరం తెంచుకుని, ముట్టినట్టు రసీదు రాయించుకుని టోకెన్ ఇస్తారు. అగ్రిమెంట్, బ్యాంక్ లీగల్, వాల్యుయేషన్ ఆ నెలలో కానిస్తారు. రిజిస్ట్రేషన్ స్లాట్ శ్రావణంలో పెట్టుకుంటారు. అత్తగారి మాట నిలబడుతుంది, మీ ఆయన మాటా పోదు.

బ్యాంకులో_పని
జూన్ 16, ఉదయం 9:30

దీనికి ఒక చిన్న జత. 50 లక్షలు, ఆపైన విలువున్న ఆస్తికి కొనేవాళ్లే అమ్మేవాళ్లకు ఇచ్చే సొమ్ములోంచి ఒక శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలి. అమ్మే ఆయన ఎన్నారై అయితే ఈ ఒక శాతం రూలు వర్తించదు, లెక్క వేరు, పట్టుకునేదీ చాలా ఎక్కువ. టోకెన్ ఇచ్చే ముందే ఆయన ఎక్కడ ఉంటారో కనుక్కోండి.

అద్దె_కొంప
జూన్ 16, ఉదయం 11:12

కొనేవాళ్లకే కాదు, అద్దెవాళ్లకూ ఇదే సీజన్. తెలంగాణలో స్కూళ్లు జూన్ 12న తెరిచారు. ఏప్రిల్, మే అంతా స్కూల్ దగ్గర ఇల్లు కావాలని జనం, ఆషాఢం వచ్చేలోపు మారిపోవాలని ఇంకో తొందర. జూన్ చివరికి ఖాళీగా మిగిలిన ఫ్లాట్ నెల రోజులు ఖాళీయే అని ఓనర్‌కి తెలుసు. బ్యాచిలర్స్‌కి ఇవ్వం అన్న బోర్డులు కూడా అప్పుడు కొంచెం మెత్తబడతాయి. నేను ఎప్పుడూ ఈ నెలలోనే వెతుకుతాను. మెయింటెనెన్స్ కలిపి ఇంత అని ఒప్పుకుంటారు, మేలో అడిగితే నవ్వుతారు.

నిజాంపేట్_స్వాతి
జూలై 6, సాయంత్రం 5:50

అప్‌డేట్. మొన్న వాన తర్వాత వెళ్లి చూశాం. సెల్లార్ బాగానే ఉంది. కానీ మాస్టర్ బెడ్‌రూమ్‌లో అటక కింద గోడ చేత్తో తాకితే తడిగా ఉంది, పైన ఫ్లాట్ వాళ్ల బాత్రూమ్ సరిగ్గా అక్కడే. ఓనర్ 89కి వచ్చారు. నోయిడాలో కొడుకు దగ్గరకు వెళ్లిపోతున్నారట, అందుకే అమ్మకం. లీకేజీ మాట ఎత్తితే "అది పైవాళ్ల పని, అసోసియేషన్ చూసుకుంటుంది" అంటున్నారు.

పాత_బ్రోకర్
జూలై 6, సాయంత్రం 6:22

అసోసియేషన్ చూసుకోదమ్మా. పైవాళ్లు టైల్స్ తవ్వించడానికి ఒప్పుకోవాలి, అదే పెద్ద పని. రిజిస్ట్రేషన్ లోపు పైఫ్లాట్ బాత్రూమ్‌కి వాటర్‌ప్రూఫింగ్ చేయించే బాధ్యత అమ్మేవారిదేనని అగ్రిమెంట్‌లో రాయించండి. ఆయనకు ఏళ్లుగా రోజూ కనిపించే పొరుగువాళ్లు, ఆయన మాట వింటారు. మీరు వెళ్లాక అడిగితే వాయిదాలే. కుదరదంటే 87 దగ్గర మాట్లాడండి, పని మీరు చేయించుకోండి. ఆషాఢం ఇంకా 18 రోజులుంది.

కొంపల్లి_రవి
జూలై 7, ఉదయం 8:40

కొనేవాళ్ల మాటలే నడుస్తున్నాయి. నేను అమ్మేవాణ్ని. కొంపల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఇప్పుడే పోస్ట్ చేయాలా, శ్రావణం దాకా ఆగాలా?

పాత_బ్రోకర్
జూలై 7, ఉదయం 9:05

ఇప్పుడు పోస్ట్ చేస్తే శ్రావణం నాటికి అది పాత యాడ్ అవుతుంది. "ఇన్నాళ్లు ఎందుకు పోలేదు, ఏదో లిటిగేషన్ ఉండుంటుంది" అని అనుమానపడతారు. జులై 20 తర్వాత పెట్టండి. ఈలోపు తాజా ఈసీ తీసుకోండి, లోన్ ఉంటే బ్యాంక్ నుంచి బాకీ ఎంతో లెటర్, అసోసియేషన్ నుంచి నో డ్యూస్, ప్రాపర్టీ టాక్స్ రసీదు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఫొటోలు ఎండ వచ్చిన రోజు ఉదయం తీయండి. వాన మబ్బులో తీస్తే హాల్ చీకటిగా కనిపిస్తుంది. కిచెన్‌లో గిన్నెలు తీసేసి మరీ తీయండి.

కొంపల్లి_రవి
జూలై 7, ఉదయం 9:31

ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) కాపీ నా దగ్గర లేదు సార్, బిల్డర్ దగ్గరే ఉండిపోయింది. పర్వాలేదా?

బ్యాంకులో_పని
జూలై 7, ఉదయం 10:10

పర్వాలేదు అని ఎవరైనా చెప్తే నమ్మకండి. మీ దగ్గర కొనేవాళ్లు లోన్ పెడితే మేం మొదట అడిగేది అదే. ఇవాళే బిల్డర్‌కి ఫోన్ చేయండి. ఆయన ఎత్తకపోతే మీ బిల్డింగ్‌లో ఈ మధ్య లోన్ మీద కొన్నవాళ్లు ఎవరున్నారో కనుక్కోండి, వాళ్ల ఫైల్లో కాపీ ఉంటుంది.